తోడు కావాలి, జంట వద్దు

చిట్టెలుకలను ఇంట్లో పెంచుకోవాలనుకునే వారికి నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. వాటిని ఆడ, మగ జంటగా తెచ్చుకోవద్దు. అలాగని ఒక్కదాన్నే తెచ్చి ఒంటరిగా ఉంచవద్దు. రెండు ఆడ ఎలుకలను, వీలైతే ఒకే ఈతలో పుట్టిన అక్కచెల్లెళ్లను, వాటికి చోటు సిద్ధం చేసుకున్న తరువాతే ఇంటికి తీసుకురావాలి. ఇంత చిన్న విషయానికి ఇంత వాదన ఎందుకంటే, రాయగడలోనూ, గుణుపురం, పర్లాకిమిడి, పార్వతీపురం వైపున్న మా ఒడిశా, ఆంధ్ర సరిహద్దు ఊళ్లన్నిటిలోనూ పావురాలనూ లవ్ బర్డ్స్‌నూ జంటగా అమ్మడం అలవాటైన చేతులే ఇప్పుడు తెల్లెలుకలను కూడా అలాగే అమ్ముతున్నాయి. "జోడీ తీసుకోండమ్మా, ఒకటైతే బెంగతో చచ్చిపోద్ది" అని దుకాణదారు చెబుతాడు. కొనేవారికి కూడా జంట అనే మాట శుభంగానే వినబడుతుంది. అట్టపెట్టెలో రెండూ ఇంటికి చేరతాయి.

ఆ మాటలో సగం నిజమే. చిట్టెలుక గుంపులో బతికే ప్రాణి. కలిసి పెరిగిన ఆడ ఎలుకలు ఒకే గూటిలో ఒకదానిపై ఒకటి పడి నిద్రపోతాయి, ఒకదాని మెడను మరొకటి నాకి శుభ్రం చేస్తుంది, ఒకటి మేల్కొంటే రెండోది ఆవులిస్తూ దాని వెనకే బయటికి వస్తుంది. ఒంటరి ఆడ ఎలుకకు ఇవన్నీ ఉండవు, అది మందగించిపోతుంది. కనుక తోడు అవసరమన్న మాటను నేను కాదనను. ఆ తోడు మగది కానక్కరలేదు అన్నదే నా వాదన. మగ ఎలుకలు రెండింటిని కలిపి ఉంచితే, అవి సొంత అన్నదమ్ములైనా సరే, వయసుకు వచ్చాక చాలావరకు కొట్టుకుంటాయి, తోక మీదా వీపు మీదా గాయాలు చేసుకుంటాయి. ఆడవి రెండు మూడు కలిసి హాయిగా ఉంటాయి, వాటి దగ్గర వాసన కూడా తక్కువ.

ఇక జంట సంగతి. ఆడ చిట్టెలుక గర్భం మోసేది 19 నుంచి 21 రోజులు మాత్రమే. ఒక ఈతలో సాధారణంగా 6 నుంచి 12 దాకా పిల్లలు పుడతాయి. ఈనిన 24 గంటల లోపే, పిల్లలు ఇంకా కళ్లు తెరవకుండా ఎర్రగా మెదులుతుండగానే, తల్లి మళ్లీ చూలు కట్టగలదు. పుట్టిన పిల్లలు 5, 6 వారాలకే పిల్లలను కనే వయసుకు వస్తాయి, వాటికి అన్నాచెల్లీ అనే ఎడం ఉండదు. ఈతకు ఎనిమిది చొప్పున, అందులో సగం ఆడవి అనుకుని కాగితం మీద లెక్క వేసి చూడండి. తల్లి 12 వారాల్లో మూడుసార్లు ఈనగలదు. మొదటి ఈతలోని ఆడపిల్లలు కూడా ఆ గడువు ముగిసేసరికి తల్లులవుతాయి. రెండుతో మొదలైన ఇల్లు మూడు నెలలు తిరిగేలోగా యాభై దాటుతుంది.

మా వీధిలోనే ఒక ఇంట్లో పిల్లవాడి పుట్టినరోజుకు తెచ్చిన జంట ఇలాగే పెరిగింది. పంజరం చాలక ప్లాస్టిక్ బకెట్లలోకి, బకెట్లు చాలక పాత నీళ్ల టబ్బులోకి మార్చారు. తల్లులు చిక్కిపోయాయి, మగవి కొట్టుకుని రక్తాలు కార్చుకున్నాయి, ఇంటి నిండా మూత్రపు ఘాటు నిలిచిపోయింది. చివరికి నాగావళి ఒడ్డున వదిలేద్దామని ఒక సంచీ కూడా సిద్ధం చేసుకున్నారు. "చంపలేం కదా పిన్నీ, వినాయకుడి వాహనం. ఎక్కడో అక్కడ బతుకుతాయిలే" అంది ఆ ఇంటి కోడలు. ఆమె మనసు మంచిదని నాకు తెలుసు, ఆ మాటలో కపటం లేదు. అయినా అది దయ కాదని ఆమెకు చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను.

దుకాణంలో దొరికే తెల్లెలుక, మచ్చల ఎలుక మన అటక మీద తిరిగే చిట్టెలుకకు జాతిరీత్యా చుట్టమే అయినా, మనిషి చేతుల్లో తరతరాలుగా పెరుగుతూ వచ్చిన ప్రాణి. జపాన్‌లో రంగురంగుల చిట్టెలుకలను పెంచడం, జతకట్టించడం ఎలాగో చెప్పే పుస్తకం 1787 నాటికే అచ్చయింది. ఇంగ్లండులో వాటిని పెంచి ప్రదర్శించేవారు 1895లో నేషనల్ మౌస్ క్లబ్ అనే సంఘం పెట్టుకున్నారు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని గ్రాన్బీలో అబీ లాత్రాప్ అనే ఆవిడ పెంపకం కోసం సాకిన ఎలుకల సంతతి నుంచే ప్రయోగశాలల్లో నేటికీ అత్యధికంగా వాడే నల్ల ఎలుకల వంశం 1921లో తయారైంది. ఇంతకాలం మనిషి పెట్టిన తిండి తిని, మనిషి కట్టిన గోడల మధ్య, భయం తక్కువగా ఉన్నవే ఎంపికవుతూ వచ్చిన ప్రాణికి గద్ద నీడ పడితే ఎటు పరుగెత్తాలో తెలియదు. పైగా తెల్లని ఒళ్లు గడ్డిలో దూరం నుంచే కనబడుతుంది, ఎర్రని కళ్లకు వెలుతురులో చూపు సరిగా ఆనదు. నది ఒడ్డున వదిలిన ఎలుకలు ఎక్కడో అక్కడ బతకవు. కాకులకో, కుక్కలకో, పిల్లులకో ఆ పూటే దొరికిపోతాయి. ఒకవేళ బతికి ఊరి ఎలుకలతో కలిసినా, దాని భారం పడేది పక్క చేలోని రైతు మీద.

అందుకే, ఎలుకలను తెచ్చుకోవాలన్న కోరిక బలంగా ఉన్నవారు దుకాణానికి వెళ్లేముందు ఇలా పెరిగిపోయి దిక్కుతోచని ఇల్లు ఏదైనా ఉందేమో విచారించమంటాను. మన ఊళ్లలో ఇది కష్టం కాదు, చేపల తొట్టెలు, పక్షులు పెంచేవారిని నలుగురిని అడిగితే ఎవరో ఒకరు చెబుతారు. నా దగ్గరున్న అక్కచెల్లెళ్లు ఆ సంచీలోకి వెళ్లవలసినవే. అలా తెచ్చుకోవడంలో ఒక లాభం ఉంది: తల్లిదండ్రులు, వయసు, తిన్న తిండి అన్నీ కంటితో చూసి తెచ్చుకోవచ్చు. దుకాణంలోనే తీసుకోవలసి వస్తే, 2018 నాటి పెట్ షాప్ నియమాల ప్రకారం ఆ దుకాణానికి రాష్ట్ర జంతు సంక్షేమ మండలి రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, అది కొనేవారు అడగదగిన ప్రశ్నే. ఫార్మసీ కాలేజీల్లో పనిచేసే తెలిసినవారిని పట్టుకుని ల్యాబు నుంచి రెండు తెచ్చుకోవచ్చని కొందరు సలహా ఇస్తారు. ఆ ఎలుకలు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఏర్పడిన కమిటీ నిబంధనలకు లోబడి ఉంటాయి, పరిచయం మీద చేతులు మారేవి కావు.

ఎక్కడ తెచ్చుకున్నా ఆడ మగ గుర్తు పట్టడం మీరే నేర్చుకోండి, అమ్మేవారి మాట మీద వదలకండి. ఎలుకను అరచేతిలో ఉంచి తోక మొదలును మెల్లగా కాస్త పైకెత్తి చూస్తే, మూత్రద్వారానికీ మలద్వారానికీ మధ్య ఎడం మగదానికి ఎక్కువగా, ఆడదానికి బాగా తక్కువగా ఉంటుంది. ఒకే వయసువి రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. అయిదు వారాలు నిండకముందే ఈ వేరు చేయడం జరిగి ఉండాలి. పెద్ద మగవాటి గుంపులో ఉన్న ఆడ ఎలుకను తెస్తే అది అప్పటికే చూలుతో ఉందనే అనుకుని మూడు వారాలు కాచుకుని ఉండాలి.

చోటు విషయంలో విదేశీయుల సలహాలను యథాతథంగా పాటిస్తే రాయగడలో ఎలుకలు బతకవు. వాళ్లు గాజు తొట్టెలు వాడమంటారు. మన ఎండల్లో, అందునా వానాకాలపు ఉక్కలో, గాజు తొట్టెలో గాలి ఆడదు. మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా లోపలే నిలిచి, అసలే సున్నితమైన వాటి ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. బజారులో హ్యామ్‌స్టర్ పంజరాలని అమ్మేవాటికి ఊచల మధ్య సందు ఎక్కువ. తల దూరిన సందులోంచి చిట్టెలుక ఒళ్లంతా దూరుతుంది. నేను చూసినంతలో అన్నిటికన్నా మంచి ఉపాయం, బట్టలు దాచుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బాకు మూతకూ రెండు పక్కలకూ వెడల్పైన కిటికీలు కోసి, హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే పావు అంగుళం ఇనుప జాలీని లోపలివైపు నుంచి గట్టిగా బిగించడం. రెండు మూడు ఆడ ఎలుకలకు కనీసం 60 సెంటీమీటర్ల పొడవు ఉండాలి. దేవదారు, పైన్ వంటి ఘాటు వాసన గల చెక్క పొట్టు వేయకూడదు. వడ్రంగి దగ్గర ఊడ్చి తెచ్చిన రంపపు పొట్టు అసలే వద్దు, అందులో ధూళి ఎక్కువ. అచ్చు లేని తెల్లకాగితం సన్నగా చింపి నాలుగు వేళ్ల మందాన పరిస్తే చాలు. పరుగు చక్రం పెడితే ఊచల మధ్య తోకా కాలూ ఇరుక్కోని గట్టి పలకదే పెట్టాలి.

ఎండాకాలం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా ప్రాంతంలో ఎక్కువ ఎలుకలు పోయేది ఏ జబ్బుతోనూ కాదు, మే నెలతో. చిట్టెలుకకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, కుక్కలా నాలుక చాచి రొప్పనూ లేదు. తోక ద్వారా కొంత వేడి పోతుంది, ఒంటికి ఉమ్మి పూసుకుని కొంత చల్లబడుతుంది, అంతే. గదిలో వేడి 35 డిగ్రీలు దాటి, గాలిలో తేమ కూడా తోడైతే ప్రాణం మీదికి వస్తుంది. కుమ్మరి దగ్గర దొరికే చిన్న మట్టి పిడతలు రెండు తెచ్చి, మూతులు పక్కకు ఉండేలా పొట్టులో పడుకోబెట్టండి. మధ్యాహ్నం పిడత పైభాగాన్ని తడిపితే లోపల చల్లగా ఉంటుంది. మా ఇంట్లో కాగితం గూడంతా ఎప్పుడు ఖాళీ చేశాయో తెలియదు గాని, మార్చి దాటేసరికి రెండూ పిడతలోకే మారిపోయాయి. లోపలికి వేలు పెడితే మట్టి చల్లదనం, దానికి అంటుకుని బల్లపరుపుగా పరుచుకున్న రెండు వెచ్చని పొట్టలు తగులుతాయి. కరెంటు పోయిన పూట తడిగుడ్డ కప్పిన నీళ్ల సీసాను డబ్బా పక్కన ఆనించి ఉంచినా మేలే.

చీమల సంగతి పుస్తకాల్లో కనబడదు. రాలిన గింజ కోసం వచ్చిన చీమల బారు నిద్రపోతున్న ఎలుకలను కుట్టి హింసిస్తుంది, పసికూనలుంటే చంపేస్తుంది. డబ్బాను బల్ల మీద పెట్టి, మన అమ్మమ్మలు పాల అలమారాకు చేసినట్టు బల్లకాళ్ల కింద నీళ్లు పోసిన గిన్నెలు ఉంచాలి; ఆ నీటిలో దోమలు పెరగకుండా రెండు రోజులకొకసారి మార్చాలి. చీమల చాక్‌పీసులు, పొడులు దగ్గరికి రానివ్వకూడదు. దోమల చుట్ట, అగరుబత్తి, కర్పూరం పొగలు ఉన్న గదిలో ఎలుకలను ఉంచకూడదు. దక్షిణ ఒడిశాలో మలేరియా భయం ఉన్న మాట నిజమే కనుక మనుషులకు దోమతెర కట్టుకుని, ఆ పొగను మానుకోవడం ఇద్దరికీ మంచిది.

ఇంటికి తెచ్చిన మొదటి రోజుల్లో చేయవలసిన పని, ఏమీ చేయకపోవడమే. ఇరుగుపొరుగు పిల్లలంతా చుట్టూ చేరి మూత తీసి చూడాలనుకుంటారు, ఒప్పుకోకండి. వాటికి మనం కనబడడం కన్నా మన వాసన, మన చప్పుడు ముందు తెలుస్తాయి. మన చెవికి అందని సన్నని ధ్వనులను కూడా అవి వింటాయి, ఆ ధ్వనుల్లోనే మాట్లాడుకుంటాయి. టీవీ పక్కన, మిక్సీ పక్కన పెడితే మనకు తెలియని గోల కూడా వాటికి వినబడుతుంది. పాత ఇంటి నుంచి తెచ్చేటప్పుడు వాటి గూటిలోని పాత కాగితం ఒక గుప్పెడు వెంట తెచ్చి కొత్త డబ్బాలో వేస్తే ఆ వాసనకు ధైర్యం వస్తుంది. తరువాత డబ్బా శుభ్రం చేసిన ప్రతిసారీ కూడా కొంత పాత గూడు మిగల్చాలి.

భయం తీరాక, అరచేతిలో రెండు గింజలు పెట్టుకుని డబ్బాలో చెయ్యి కదపకుండా ఉంచండి. మొదట మీసాలు వస్తాయి, తరువాత ముక్కు, తరువాత ముందు కాళ్లు వేలి అంచును పట్టుకుంటాయి. గింజ అందుకుని పారిపోయిన ఎలుక కొన్నాళ్లకు అక్కడే, అరచేతిలోనే, వెనక కాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో గింజను తిప్పుకుంటూ పొట్టు తీసి తింటుంది. ఆ చేతుల వేళ్లు బియ్యపు నూకకన్నా సన్నగా ఉంటాయి. తోక పట్టుకుని మాత్రం ఎత్తవద్దు. లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో జేన్ హర్స్ట్ 2010లో ప్రచురించిన పరిశోధన దీన్ని పరీక్షించి చూపింది: తోక పట్టి ఎత్తిన ఎలుకలు మనిషి చేతికి బెదిరి దూరంగా ఉంటాయి, దోసిటిలోకి గాని, చిన్న గొట్టంలోకి గాని ఎక్కించుకుని ఎత్తినవి తామే దగ్గరికి వస్తాయి. కాగితపు చుట్ట అయిపోయాక మిగిలే అట్టగొట్టమైనా ఇందుకు సరిపోతుంది.

తిండికి మాత్రం మనకు బయటివారి మీద ఆధారపడే పని లేదు. 2017 నుంచి ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల పథకం నడుపుతోంది, సంతలో సామలు, కొర్రలు, ఒడియా వారు మండియా అనే మన చోళ్లు (రాగులు) కొదవ లేకుండా దొరుకుతున్నాయి. అవి, కాసిన్ని ఓట్స్, ఉప్పు వేయని వేయించిన శనగలు కలిపి పెట్టి, వారానికి రెండు మూడుసార్లు ఉడికిన గుడ్డు ముక్కో, నానబెట్టిన సోయా ముక్కో ఇస్తే మాంసకృత్తుల లోటు ఉండదు. ఒక్కో ఎలుక రోజుకు తినేది 3 నుంచి 5 గ్రాములే. దాని ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కనుక కొరకడానికి మెత్తని పుల్ల ఒకటి లోపల ఉండాలి. మిక్చరు, బిస్కెట్లు, చాక్లెట్లు, ఉల్లి వద్దు. నీళ్ల సీసా గొట్టంలోని గోళీ పట్టేసిందేమో రోజూ వేలితో నొక్కి చూడండి, నిండుగా ఉన్న సీసా పక్కనే ఎలుకలు దాహంతో చచ్చిపోయిన ఇళ్లున్నాయి.

ఇంట్లో ఎలుకల బోను పెట్టుకుని మరో మూల ఎలుకలను ముద్దు చేయడం ఎలా కుదురుతుందని నన్ను చాలామంది అడిగారు. కుదురుతుంది, కుదరాలి కూడా. అటక మీది ఎలుకలు ధాన్యాన్ని పాడుచేయడమే కాదు, వాటి మూత్రం వల్ల ఎలుక జ్వరం వస్తుంది, వానాకాలంలో ఆ భయం ఇంకా ఎక్కువ. అవే పెంపుడు ఎలుకలకు కూడా జబ్బులు అంటిస్తాయి. చిట్టెలుకలు మోసే ఒక వైరస్ గర్భంలోని బిడ్డకు హాని చేయగలదు కనుక గర్భిణి ఉన్న ఇంట్లో కొత్తగా ఎలుకలను తేవద్దనే నేను చెబుతాను. కాబట్టి అటకను కట్టుదిట్టం చేసుకోవడం పెంపకంలో భాగమే. దానికి పద్ధతి ఉంది: కన్నాలు మూయడం, ధాన్యం రేకు డబ్బాల్లో పోయడం, ప్రాణంతో పట్టే బోను పెట్టడం. విషపు బిళ్లలు ఇంట్లో ఉంచకూడదు, తప్పించుకున్న మీ ఎలుకకు కూడా అవి అందుతాయి. జిగురు అట్టలైతే ఏ ఇంట్లోనూ ఉండకూడదు. వాటికి అంటుకున్న ప్రాణి గంటల తరబడి తన తోలు తానే ఊడబెరుక్కుంటూ చస్తుంది. వాటిని ఆపించాలని భారత జంతు సంక్షేమ మండలి రాష్ట్రాలకు రాసింది, అయినా మన కిరాణా కొట్లలో అవి బహిరంగంగానే వేలాడుతున్నాయి.

చిట్టెలుక ఆయుష్షు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్లు. పిల్లల కోసం తెచ్చే తల్లిదండ్రులు ఈ సంగతి తేవడానికి ముందే పిల్లలకు చెప్పాలి. ఊళ్లోని పశువైద్యశాల ఆవులకూ మేకలకూ అలవాటు పడినది, 30 గ్రాముల ఒంటికి మందు కొలవడం అక్కడ అందరివల్లా కాదు. అటు భువనేశ్వర్‌లోనూ, ఇటు గరివిడిలోనూ పశువైద్య కళాశాలలు ఉన్నాయి గాని, జబ్బు చేసిన ఎలుకకు ఆ ప్రయాణమే పెద్ద గండం. అందుచేత వారానికొకసారి చిన్న డిజిటల్ త్రాసులో తూచి రాసుకోవడం మంచిది. బరువు తగ్గడం, బొచ్చు రేగి ఉండడం, ఊపిరిలో చిటచిటమనే చప్పుడు, పొట్ట పక్కన గడ్డ, ఇవి కనబడినప్పుడు డాక్టరుకు ముందుగా ఫోను చేసి అడగవచ్చు. ఆడ ఎలుకల్లో రొమ్ము గడ్డలు తరచుగా వస్తాయి. ఈ ఖర్చు, ఈ తిరుగుడు ఎలుకను కొన్న ధరకు ఎన్నో రెట్లు అవుతుంది. ధర చూసి ప్రాణం విలువ కట్టేవారు, ఆ మాట నిజాయితీగా ఒప్పుకుని, తెచ్చుకోకపోవడమే మేలు.

రెండు ఆడ ఎలుకలను తెచ్చుకోమన్న నా సలహాకు రెండు చిక్కులున్నాయి. అందరూ ఆడవే కావాలంటే మగవి ఎక్కడికి పోవాలి? మా వీధి ఇంట్లో మిగిలిన మగవాటికి ఒక్కొక్క ఇల్లు వెతకడానికి చాలా కాలం పట్టింది. మగ ఎలుకను విడిగా ఉంచక తప్పదు గాని, రోజూ సాయంత్రం మనిషి దానితో కూర్చోగలిగితే ఆడవాటికన్నా మచ్చికగా ఉంటుంది. ఒంటరిగా ఉండే పెద్దవారికి, రాత్రి చదువుకునే విద్యార్థులకు నేను మగదాన్నే ఇమ్మంటాను. రెండో చిక్కు ఇంకా కష్టమైనది. ఇద్దరిలో ఒకటి ముందు పోతుంది. మిగిలినదానికి తోడుగా ఈసారి ఇద్దరు పిన్న ఆడపిల్లలను తెచ్చి, ఎవరి వాసనా లేని కొత్త చోట మెల్లగా కలపాలి. మరి ఆ ముసలిది పోయాక ఆ పిన్నవి ఇద్దరుంటాయి, కొన్నాళ్లకు అందులో ఒకటి మిగులుతుంది. ఈ వరస ఎక్కడో ఒకచోట ఆపక తప్పదు. ఆపేటప్పుడు చివరి ఒంటరి ఎలుకను, ఆడ ఎలుకల గుంపు ఉన్న మరో ఇంటికి ఇవ్వడం ఒక దారి. అందుకు మన ఊళ్లలో ఎలుకలు పెంచేవారు ఒకరికొకరు తెలిసి ఉండాలి. నా పెద్దదానికి ఇప్పుడు నడక తగ్గింది, చెల్లెలు ఇంకా చక్రం తిప్పుతోంది. కొత్తవాటిని తేవాలో, చెల్లెలిని గుణుపురంలో మూడు ఆడ ఎలుకలున్న ఒక ఇంటికి పంపాలో మా ఇంట్లో ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నాం.